సమీక్షకు రెండు ప్రతులు

"పెన్సిల్ అనే కలం పేరుతో రాసే ఆ ఆసామి అసలు పుస్తకాలే చదవడం లేదు సార్. తొమ్మిదేళ్ళుగా మన చెవుల్లో పూలు పెడుతున్నాడు," అన్నాడు పుస్తకాల పేజీ ఇన్‌ఛార్జి, ఎడిటరు బల్ల మీద మూడు సమీక్షలు పరిచి.

ఎడిటరు కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "నువ్వా పేజీకి వచ్చి రెండు నెలలు కాలేదు. అప్పుడే కనిపెట్టేశావా?"

"ఈ వారం చూడండి సార్. చంద్రుడి మీద నీటి కరువొచ్చే నవల ఒకటి. కూలిపోయిన వంతెనల మీద నాలుగొందల పేజీల పుస్తకం ఒకటి. ట్రాఫిక్ కానిస్టేబుల్‌గా చేరిన ఉడత కామిక్స్ ఒకటి. మూడూ వారంలో చదివేసి ఇంత వివరంగా రాయడం మనిషన్నవాడి వల్ల అవుతుందా? పోనీ ఆ మనిషి మొహం ఎవరైనా చూశారా? ఫోన్ నంబరైనా ఉందా? పోస్టులో పుస్తకాలు వెళ్తాయి, పోస్టులో సమీక్షలొస్తాయి."

"మరేం చేద్దామంటావ్?"

"మా బావమరిది ఉన్నాడు సార్. అవే మూడు పుస్తకాలిచ్చి వాడితో రాయించాను. తిండీ తిప్పలూ మానేసి చదివాడు పాపం."

ఎడిటరు మూడు సమీక్షలూ ఒక పక్కకి జరిపాడు. "రుజువు పట్టుకురా. పెన్సిల్ మోసం చేస్తున్నాడని తేలితే సోమవారం నుంచి ఆ కాలమ్ మీ బావమరిదికే. నీది ఉత్త అనుమానమని తేలిందనుకో, నీ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు."

సమీక్షకు ప్రచురణకర్తలు ప్రతి పుస్తకమూ రెండు ప్రతులు పంపాలన్నది ఆ పత్రిక నియమం. రెండింటి మీదా పత్రిక పేరుతో 'సమీక్ష కోసం, అమ్మకానికి కాదు' అని ముద్ర పడుతుంది. ఒకటి పెన్సిల్‌కి వెళ్తుంది, రెండోది ఆఫీసు బీరువాలో ఉండాలి. ఉండాలి కానీ, ఈసారి బీరువా ప్రతులు బావమరిది చేతికి వెళ్ళాయి. ఇన్‌ఛార్జి మాత్రం ఏం చేస్తాడు? కంచం ముందు కూర్చోగానే భార్య "మా తమ్ముడి సంగతేం చేశారు?" అని మొదలుపెడుతుంది. రెండు నెలలుగా ఇన్‌ఛార్జికి ఏం తింటున్నాడో కూడా తెలియడం లేదు.

చిరునామా పట్టుకుని మధ్యాహ్నానికల్లా ఆ వీధికి చేరాడు. పాత కాగితాల కొట్టు, దానిమీద పై వాటా. పెన్సిల్ ఉండేది ఆ పై వాటాలోనే. మెట్లెక్కాడు. తలుపుకి తాళం. కిటికీ సందులోంచి తొంగి చూశాడు కానీ తెర అడ్డం వచ్చింది. 'పగలంతా తిరుగుళ్ళు. ఇక చదివేదెప్పుడు!' అనుకుంటూ దిగాడు.

దిగిన వాడు దిగినట్టే ఆగిపోయాడు. కొట్లో కాటా పక్కన, విడిగా పెట్టిన చిన్న కట్టలో, పై పుస్తకం మీద ఉడత విజిల్ ఊదుతోంది.

గబగబా కట్ట విప్పాడు. చంద్రుడు, వంతెనలు, ఉడత. మూడింటి మీదా తమ పత్రిక ముద్ర. కామిక్స్ తెరిస్తే, అచ్చాఫీసులో అంచులు కోసినప్పుడు అతుక్కున్న పేజీలు అతుక్కున్నట్టే ఉన్నాయి. 'దొరికాడు!' అనుకున్నాడు ఇన్‌ఛార్జి.

కొట్టావిడ పాత నోటు పుస్తకాల అట్టలు చింపి ఒక పక్కకీ, కాగితాలు ఒక పక్కకీ వేస్తోంది. ఆవిడకి యాభై ఏళ్ళు దాటి ఉంటాయి.

"ఏమ్మా, ఇవెప్పుడొచ్చాయి?"

"మొన్న పొద్దున ఒకాయన తూకానికి వేశాడు సార్. ముద్ర చూసి పక్కన పెట్టాను."

"చదివినట్టుందా?"

"చదవడమా! పేజీలకి గాలి కూడా తగల్లేదు."

"పై వాటా సంగతి నీకు తెలుసా?"

"తెలియకేం. ఇరవై ఏళ్ళ నుంచి తెలుసు. మీకేం పని పై వాటాతో?"

"ఉందిలే. పైకి పెద్దమనుషుల్లా ఉంటారు కొందరు. సరే, ఇవి అమ్మినప్పుడు ఆయన ఏమైనా అన్నాడా?"

"తూకం వేస్తున్నంతసేపూ ఏదో ఒకటి వాగుతూనే ఉన్నాడు."

ఇన్‌ఛార్జి జేబులోంచి కాగితం తీసి ఆవిడ ముందు పెట్టాడు. "అదంతా దీని మీద రాసి సంతకం పెట్టు. ఈ ముద్ర వేసిన పత్రిక ఎడిటరు గారికి చూపించాలి. రాయడం వచ్చా?"

ఆవిడ చేతిలో పని ఆగింది. "ఎడిటరు గారికా?" అని అతన్ని ఎగాదిగా చూసింది. "ఏదో, వచ్చినంత రాస్తాను."

"భయపడకు. ఆయన అన్నది అన్నట్టు, ఒక్క ముక్క వదలకుండా రాయి."

ఆవిడ చేతులు తుడుచుకుని, ఒక్క కొట్టివేత లేకుండా గబగబా రాసేసింది. ఈ రాత్రికి కంచం ముందు ప్రశాంతంగా కూర్చోవచ్చని తలుచుకుంటేనే ఇన్‌ఛార్జికి ఆకలి పుట్టింది. కాగితం అందుకుని చదివాడు.

"ఎడిటరు గారికి,

ఈ మూడు పుస్తకాలూ మొన్న ఒకాయన నా కొట్లో అమ్మాడు. 'చదివే ఓపిక ఎవరికుంది, వెనక అట్ట చూసి రాసిచ్చేశాను. ఆ పేజీ ఇన్‌ఛార్జి మా బావే. ఇక వారం వారం తెస్తుంటాను, తూకం కాస్త చూసి వెయ్యి' అన్నాడు. మీరు నాకు పంపిన మూడు మాత్రం పైన నా బల్ల మీదే భద్రంగా ఉన్నాయి.

ఇట్లు,
పెన్సిల్."