కాల్ స్టాండ్స్

ఆదివారం మధ్యాహ్నం నేనూ మా అమ్మాయి రష్మీ టీవీలో అమెరికన్ ఫుట్‌బాల్ చూస్తున్నాం. మా జట్టువాడు ఎగిరి బంతి పట్టుకుని కింద పడ్డాడు. బంతి నేలకు తగిలింది, అది క్యాచ్ కాదన్నాడు రెఫరీ.

“పట్టాడు! ఆ రెఫరీకి నా కళ్ళజోడు పంపాలి.”

“నీ కళ్ళజోడే పెట్టుకున్నట్టున్నాడు నాన్నా,” అంది రష్మి. చాలా నెలలకు తన నవ్వు విన్నాను.

రీప్లే నాలుగు వైపుల నుంచి చూపించారు. చివరికి రెఫరీ మైకులో “కాల్ స్టాండ్స్” అన్నాడు.

“అంటే వాడు చెప్పిందే రైటా?”

“కాదు నాన్నా. రైటని తేలితే కన్ఫర్మ్డ్ అంటారు. స్టాండ్స్ అంటే, తప్పని ప్రూవ్ చెయ్యలేకపోయారు. అందుకని మార్చరు, అంతే.”

ఆట మళ్ళీ మొదలైంది. నేను చూడలేకపోయాను.

“మార్చిలో మీ అమ్మకి వెంటిలేటర్ తీసెయ్యమన్నాను. ఇంకో రెండు రోజులు చూద్దామని నువ్వు ఏడ్చావు. నేను వినలేదు. అది ఏదమ్మా, కన్ఫర్మ్డా, స్టాండ్సా?”

రష్మి టీవీ ఆపేసి నా చెయ్యి పట్టుకుంది.

“కన్ఫర్మ్డ్, నాన్నా,” అంది ఆపేసిన టీవీ వైపే చూస్తూ.

పాతికేళ్ళొచ్చినా మా అమ్మాయికి అబద్ధం చెప్పడం చేతకాదు.