ఏ వెధవ రాశాడో

పొద్దున నా కంప్యూటర్‌ని నడిపే లైనక్స్ అప్‌డేట్ అయ్యాక తెర నల్లగా ఉండిపోయింది. సాయంత్రం లోపు ఒక మేడ డిజైను పంపాలి. మధ్యాహ్నం ఇంటికొచ్చిన మా మరిదిని దాని ముందు కూర్చోబెట్టాను. కంప్యూటర్లే అతని ఉద్యోగం. ఏ కంపెనీ అంటే మాత్రం నసుగుతాడు.

“తెరని నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్ ఇంకా ఆ గ్రాఫిక్స్ కార్డు కంపెనీ ఇచ్చిందేనా వదినా?” అని మూతి విరిచాడు. “అది సీలు వేసిన డబ్బా. లోపల ఏం తగలడిందో వాళ్లకే తెలియాలి. ఏ వెధవ రాశాడో గానీ, అప్‌డేట్ వచ్చినప్పుడల్లా చస్తుంది. అందరూ చూసి బాగుచేసుకునే ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఉండగా ఈ చెత్త మీద మోజేంటి?”

నేనేదో చెత్తకుండీలోంచి ఏరుకొచ్చుకున్నట్టు మాట్లాడాడు. ఒళ్లు మండింది. అవసరం నాది కాబట్టి మంచినీళ్లు తెచ్చిచ్చాను.

తన ఓపెన్ డ్రైవర్ ఎక్కించాడు. తెర వెలిగింది. కానీ నా మేడని అటూ ఇటూ తిప్పబోతే నత్త నయం.

“కాస్త ఓపిక పట్టాలి వదినా. స్వేచ్ఛ ముఖ్యం.”

“సాయంత్రం నా క్లయింటుకి స్వేచ్ఛని పంపమంటావా?”

కేబుల్ చూద్దామని బల్ల కిందికి వంగాడు. చొక్కా జేబులోంచి ఆఫీసు ఐడీ కార్డు జారి నా కాళ్ల దగ్గర పడింది. దాని మీద నా గ్రాఫిక్స్ కార్డు కంపెనీ గుర్తే ఉంది. మరిది ఫొటో కింద ‘లైనక్స్ డ్రైవర్ల విభాగం’ అని ఉంది.

కార్డు తీసి చేతికిచ్చాను. అతని మొహం పొద్దుటి నా తెరలా మాడిపోయింది.

“నాయనా, ఆ వెధవని ముందు నా స్క్రీన్ సంగతి చూడమను. తర్వాత చేతులు కడుక్కుని భోజనానికి రమ్మను.”