కాలవ వంపు దగ్గర రైలు

"ఇది కోర్టండీ మాస్టారూ, తిరునాళ్ళు కాదు. బొమ్మ రైలు తెచ్చి ఆడిస్తానంటే మేజిస్ట్రేటుగారు ముందు నన్ను బయటికి పంపిస్తారు."

ప్లీడరు శేషాచలం విసుగ్గా అన్నాడు. ఎదురుగా బల్ల మీద ఇత్తడి ఇంజనొకటి నిగనిగలాడుతోంది. మోచెయ్యంత పొడుగు బాయిలరు, దాని కింద స్పిరిటు దీపం, వెనక రెండు పెట్టెలు. నాగాయలంక నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని దాన్ని బందరు దాకా తెచ్చిన పెద్దమనిషి దయానందం, రిటైరైన సైన్సు మాస్టారు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"బొమ్మే గానీ నిజంగా ఆవిరితో నడుస్తుందండీ. పూర్వం స్విట్జర్లాండు కొండల్లో తిరిగిన రైలిది. మిషను ఆస్పత్రి దొరసానిగారు పుస్తకం ఇస్తే, అందులో కొలతలు చూసి చేశాను. కొండ రైలు కదా, పట్టాలన్నీ వంపులే. మీ కేసంతా వంపులోనే ఉందటగా?"

శేషాచలం తలెత్తి చూశాడు.

ఆ మాట నిజమే. గుడివాడ దాటాక, కాలవ గట్టు పక్కన లైను ఎడమకు తిరిగేచోట, కృపావతి అనే ఇల్లాలు రైలు కింద పడి చనిపోయింది. కాలు పట్టాల మధ్య ఇరుక్కుపోయి ఆమె కొంగు ఊపిందనీ, డ్రైవరు కోటిలింగం చూసి కూడా ఇంజను ఆపలేదనీ ఆమె భర్త అబ్రహాము వాఙ్మూలమిచ్చాడు. కళ్ళారా చూశానన్నాడు. తనకేమీ కనపడలేదని కోటిలింగం మొత్తుకుంటున్నాడు. నమ్మే నాథుడు లేడు. ఉద్యోగం అప్పుడే పోయింది. ఇక మిగిలింది జైలు.

"ఇంతకీ మీకెందుకండీ ఈ శ్రమ?" అడిగాడు శేషాచలం.

"డ్రైవరుకు కనపడలేదని తేలితే, మరి కనపడిందెవరికో అడుగుతారు కదండీ."

ఆ జవాబు శేషాచలానికి బోధపడలేదు. ముసలాయనకు రైలు పిచ్చి ముదిరిందనుకున్నాడు. కానీ కోటిలింగం తరఫున తన చేతిలో అంతకంటే గట్టి సాక్ష్యం ఏదీ లేదు. సరేనన్నాడు.

వాయిదా రోజున కోర్టు హాలు కిటకిటలాడింది. దయానందం పొడుగుబల్ల మీద పట్టాలు ఒక్కొక్కటే బిగించాడు. ఆయన్ను చూడగానే బెంచీ మీది అబ్రహాము గోడ వైపుకు జరిగి కూర్చున్నాడు. బొమ్మ ఇంజనుకు కూడా భయపడే మనుషులుంటారా అనుకున్నాడు శేషాచలం.

సర్కారు ప్లీడరు లేచాడు. "ముద్దాయి మీకు చుట్టమా?"

"కాదండీ. ఇవాళే చూశాను."

"ఎక్కడో విదేశం రైలుకూ, మన గుడివాడ రైలుకూ పోలికేమిటండీ?"

"ఏ దేశంలోనైనా డ్రైవరు బాయిలరు వెనకాలే నిలబడతాడండీ."

హాల్లో నవ్వులు వినపడ్డాయి. దయానందం నవ్వలేదు. వంపులో, పట్టాల నడుమ ఒక సుద్దముక్కను నిలబెట్టాడు. "ఇది ఆవిడండీ," అన్నాడు. చెయ్యి తగిలి సుద్దముక్క పడిపోయింది. మళ్ళీ నిలబెట్టాడు.

మేజిస్ట్రేటు దిగివచ్చి, కళ్ళజోడు తీసి, ఇంజను వెనక కుడివైపు డ్రైవరు నిలబడే చోట కన్ను ఆనించి చూశాడు.

"కనపడటం లేదే."

"కొంచెం ముందుకు తోసి చూడండి," అన్నాడు దయానందం.

"ఇప్పుడూ లేదు. బాయిలరే అడ్డం."

అప్పుడు దయానందం దీపం వెలిగించాడు. నీళ్ళు మరిగేదాకా అందరూ మెడలు చాచి చూశారు. ఇంజను చిన్నగా బుసకొట్టి కదిలింది. వంపు తిరిగింది. సుద్దముక్క చక్రాల కింద చిట్లింది. దయానందం అప్పటికే ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

కాసేపటికి ఇటు తిరిగి, పట్టాల పక్కన ఎడమవైపు ఇంకో సుద్దముక్క పెట్టాడు. "భర్త నిలబడ్డానని చెప్పిన చోటు ఇదండీ. ఇక్కణ్ణుంచి చూస్తే అడ్డమేమీ లేదు."

మేజిస్ట్రేటు ఆ సుద్దముక్కను చాలాసేపు చూసి అబ్రహాము వైపు తిరిగాడు.

"నువ్వున్న చోటికీ నీ భార్యకూ ఎంత దూరం?"

"నాలుగు బారలు ఉంటుందేమోనండీ."

"కాలు ఇరుక్కుని, కొంగు ఊపుతుంటే అక్కడే నిలబడి చూశావా?"

అబ్రహాము పెదాలు తడుపుకున్నాడు.

"వెళ్ళి లాగలేదేం?"

"నేను నెట్టలేదండీ!"

ఆ మాట అతన్ని ఎవరూ అడగలేదు.

కోటిలింగం అక్కడికక్కడే విడుదలయ్యాడు. అబ్రహామును ఇద్దరు కానిస్టేబుళ్ళు మధ్యన పెట్టుకుని తీసుకెళ్ళారు. కోటిలింగం మెట్ల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడుస్తుంటే, శేషాచలం అతన్ని దాటుకుని లోపలికొచ్చాడు. ఇంత మంచి గెలుపు అతనికి ఈ మధ్య కాలంలో లేదు. ఒంట్లో హుషారు ఆగడం లేదు.

ఖాళీ హాల్లో దయానందం ఒక్కడే ఉన్నాడు. పట్టాలు సంచిలో సర్దేసి, ఇంజను మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

"మాస్టారూ, చెయ్యి! బాయిలరు కాలుతోందండీ!"

ఆయన తన చేతిని ఎవరిదో అన్నట్టు చూసి, మెల్లగా తీశాడు. అరచెయ్యి ఎర్రగా కమిలిపోయింది.

"ఒక ప్రాణం నిలబెట్టారండీ," అన్నాడు శేషాచలం. "కోటిలింగం మీకేమీ కాడు. నేనూ ఏమీ కాను. ఈ రోజుల్లో ఏ సంబంధమూ లేకుండా ఇంత కష్టపడేవాళ్ళు ఎవరున్నారు? నిజం చెప్పండి, మీరసలు ఎవరి తరఫున వచ్చారు?"

దయానందం ఇంజనును తువ్వాలులో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు భుజాన వేసుకున్నాడు.

"కృపావతి మా అమ్మాయండీ."