నాన్న అరచేయి

మా షెడ్డులో నల్లకారు ముందు నిలబడి, నాన్న వేగంగా తిరిగే పాలిషర్ అందుకున్నాడు. నేను నెమ్మదిగా తిరిగే కొత్తది తెచ్చి ఆయన చేతిలో పెట్టబోయాను.

"ఇది పట్టు నాన్నా. పెయింట్ పలచగా ఉంది, దాంతో అయితే మాడిపోతుంది."

"వేడెక్కితే నా అరచేతికి తెలీదా? ముప్పై ఏళ్ళుగా ఇదే నా మీటరు. నాకే పాఠాలా!"

నిజమే. కాసేపు రుద్దడం, ఆపి చెయ్యి ఆనించి చూడడం నాకు నేర్పింది ఆయనే.

మిషన్ రొద పెట్టింది. ఒకేచోట తిరుగుతున్నట్టు అనిపించి అరిచాను.

"ఆపు నాన్నా!"

విసుగ్గా ఆపి, బానెట్ మీద అరచేయి ఆనించాడు.

"చూడవే పిచ్చితల్లీ, చల్లగానే ఉంది."

నేనూ ఆనించి, చుర్రుమనడంతో చటుక్కున వెనక్కి లాక్కున్నాను.

నాన్న నవ్వుతున్నాడు. ఆయన చెయ్యి ఇంకా అక్కడే ఉంది.