గేటు పక్క గది

“ఈ గది ఇక్కడొద్దమ్మా, గేటు పక్కకి జరపండి” అన్నాడు పెద్దాయన, ప్లాను కాగితం మీద వేలు పెట్టి.

ఆర్కిటెక్టు చేతిలో పెన్సిలు ఆగిపోయింది. గంట నుంచీ ఆయన ఆమెకి పాఠం చెబుతూనే ఉన్నాడు. నగరంలోని పెద్ద పార్కులో ముప్పయ్యేళ్ళు తోటపని చేయించి రిటైరైన మనిషి. వస్తూ వస్తూ సొంతంగా గీసిన తోట బొమ్మ ఒకటి పట్టుకొచ్చాడు.

“స్థలానికి మూడు పక్కలా మేడలు లేచాయి. ఇక ఎండ పైనుంచే దిగాలి. అందుకే తోట నడుమ ఉండాలి, గదులు దాని చుట్టూ తిరగాలి” అన్నాడు. జామచెట్టు వేళ్ళు పునాదిని తాకకుండా ఎంత దూరంలో నాటాలో, డాబా మీది వాన నీళ్ళు గులకరాళ్ళలోంచి ఏ గుంటలోకి ఇంకాలో, అన్నీ ఆ బొమ్మలో ఉన్నాయి. అమ్మాయి కిటికీ కింద మల్లె. మనవరాలు చదువుకునే చోట ఎండ తగలకుండా నిమ్మచెట్టు. అల్లుడు పని నుంచి వచ్చి కూర్చోవడానికి నీడన అరుగు.

“తోటంతా మీ చేతిదే. మీ గదిలోంచి మాత్రం వీధి తప్ప ఏమీ కనపడదే?”

“కాపలా కాసినట్టుంటుంది లెండి” అని నవ్వేశాడు.

పక్కనున్న ఆయన భార్య అందుకుంది. “మాకెందుకమ్మా పెద్ద గది? రెండు మంచాలు పడితే చాలు. వీధిలోకి వేరే తలుపు పెట్టెయ్యండి. పిల్లల సంసారానికి అడ్డం రాకుండా మా మానాన మేముంటాం.”

స్థలం చూస్తే పెద్దాయనదే. ఉండబోయేది ఈ ఇద్దరూ, అమ్మాయి, అల్లుడు, మూడో తరగతి చదివే మనవరాలు. అల్లుడితో కలిసి ఉండడమంటే కొందరికి ముళ్ళ మీద కూర్చున్నట్టే, అనుకుంది ఆర్కిటెక్టు. తన సొంత నాన్న కూడా తన ఇంటికొస్తే సంచీ గుమ్మం దగ్గరే పెట్టుకునేవాడు, ఏ నిమిషాన వెళ్ళాల్సొస్తుందో అన్నట్టు.

రెండు రోజుల తర్వాత అల్లుడు ఒక్కడే ఆఫీసుకొచ్చాడు. ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్కు. హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు.

“మావయ్య గేటు పక్క గది అడిగారటగా? వెయ్యకండి.”

“స్థలం ఆయనది. నేనెలా కాదంటానండీ?”

“నా పేరు చెప్పండి. వాళ్ళు తలుపు తీస్తే కాలు తోటలో పడాలి. మా గది మేడ మీదికి తోసెయ్యండి, ఫర్వాలేదు.”

“మీ ఆవిడేమంటారు?”

“తనే పంపింది. తను చెబితే ‘నువ్వూరుకో తల్లీ’ అని నోరు మూయిస్తారు.”

ఇలాంటి అల్లుడు ఏ కొట్లో దొరుకుతాడో కనుక్కోవాలి అనుకుంటూ ఆమె రబ్బరు చేతిలోకి తీసుకుంది.

మరుసటి ఆదివారం స్థలంలో సున్నంతో గదుల గీతలు గీయించారు. అందరూ వచ్చారు. పెద్దాయన టేపు పట్టుకుని మొక్కల చోట్లు కొలుచుకుంటూ గేటు దాకా వెళ్ళి ఆగిపోయాడు.

“ఇక్కడ మా గదేదీ?”

“ఇదిగో తాతా!” తోట పక్కనున్న పెద్ద గది గీతల మధ్య గెంతుతూ అరిచింది మనవరాలు. “నేను రోజూ ఇటునుంచే వస్తా. తలుపు వేసుకోకూడదు మరి!”

ఆయన మొహం వాడిపోయింది. “ఎవరు మార్చమన్నారు?”

“నేనే మావయ్యా” అన్నాడు అల్లుడు.

“నీకు తెలీదు బాబూ. ఇవాళ బాగానే ఉంటుంది. రేపు మీ వాళ్ళొస్తారు, పోతారు. ఎప్పుడు చూసినా మేం కళ్ళెదురుగా కనపడుతుంటే...”

“కనపడాలనే కదా అక్కడ పెట్టించింది.”

“వద్దు, నా మాట విను.”

“అయితే ఈ ఇల్లే వద్దు. ఇప్పుడున్న అద్దె వాటాలోనే అందరం ఇరుక్కుని ఉందాం.”

అప్పటిదాకా దూరంగా నిలబడ్డ అమ్మాయి వచ్చి, పెద్దాయన చేతిలోంచి టేపు మెల్లిగా తీసుకుంది.

“నాన్నా, ఒకసారి మీ మాట నేను విన్నాను. ఈసారి నా మాట మీరు వినండి.”

పెద్దావిడ చడీచప్పుడూ లేకుండా గీత దాటి ఆ గదిలోకి నడిచింది. కాళ్ళు బారజాపుకుని మట్టిలో చతికిలబడింది.

“నాకు మోకాళ్ళ నెప్పులు. ఇక లేవను. మీకంత సరదాగా ఉంటే గేటు దగ్గర మీరొక్కరే పడుకోండి.”

అందరూ ఒక్కసారిగా నవ్వారు. పెద్దాయన కూడా నవ్వబోయాడు, కానీ కళ్ళజోడు తీసి తుడుచుకోవలసి వచ్చింది.

మిగతావాళ్ళు వాన నీళ్ళ గుంట చోటు చూడ్డానికి వెనక్కి వెళ్ళాక, ఆర్కిటెక్టు ఆయన పక్కకొచ్చి నిలబడింది.

“మంచి అల్లుణ్ణి సంపాదించారండీ.”

“అవునమ్మా. ఐదేళ్ళ కిందట మేమే వెతికి పెళ్ళి చేశాం. ఆ పిల్ల ‘మిమ్మల్ని వదిలి నేనెక్కడికీ వెళ్ళను’ అని మొండికేసింది. ఏడాది పాటు బతిమాలి ఒప్పించాం. అప్పుడే మా ఆవిడా నేనూ అనుకున్నాం, వాళ్ళ కొత్త బతుకు మీద మా నీడ పడనివ్వకూడదని.”

ఆమెకి నవ్వొచ్చింది. “కన్నకూతురి బతుకు మీద అమ్మానాన్నల నీడేమిటండీ!”

పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని అటువైపు చూశాడు. ఆ అమ్మాయి వంగి, పెద్దావిడ చీరకంటిన మట్టి దులుపుతోంది.

“కూతురు కాదమ్మా. పోయిన మా అబ్బాయి భార్య, మా కోడలు.”