ఎవరూ పలకొద్దు

“వాడు తల బాదుకున్నా సరే, మీరు చూడకూడదు, మాట్లాడకూడదు, ముట్టుకోకూడదు. ఆ మూల కుర్చీలో కుర్చీలాగే కూర్చోవాలి,” అన్నాడు ట్రైనర్.

తండ్రి తలూపి, నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు.

“పరీక్ష హాల్లోకి వెళ్ళే పిల్లాడిలా ఉన్నారండీ!” అని నవ్వాడు ట్రైనర్.

“చూడకుండా ఉంటారేమో గానీ సార్, మాట్లాడకుండా ఉండటం ఈయన వల్ల అవుతుందా? నిద్రలో కూడా ఆ నోటికి తాళం పడదు,” అంది తల్లి.

“ఇవాళ పడుతుంది చూడు,” అని ఆయన లోపలికి వెళ్ళి తలుపు మూసుకున్నాడు.

లోపల ఉన్నది చిన్నోడు. మీసాలొచ్చి ఏళ్ళయినా ఇంట్లోవాళ్ళకీ, వాణ్ణి చేర్పించిన ఈ హోమ్‌లోవాళ్ళకీ చిన్నోడే. మాట రాదు. ఏం కావాలన్నా, ఏం వద్దన్నా తల తీసుకెళ్ళి గోడకేసి బాదుకుంటాడు. కుట్లు వేసీ వేసీ విసుగెత్తి, గోడలకి స్పాంజి కొట్టించి, తలకి మెత్తటి టోపీ కట్టారు. అయినా తగ్గలేదు. ఇక వెనక వార్డుకి మార్చేస్తామని మేనేజర్ తేల్చేశాడు. అక్కడ కాళ్ళూ చేతులూ మంచానికి కట్టేస్తారు. ఆ వార్డు ఒకసారి చూసొచ్చిన తల్లి ఆ పూట ఏమీ తినలేకపోయింది.

ట్రైనర్ ఆఖరి ఆశ. బాదుకున్నప్పుడల్లా జనం పరిగెత్తుకు రావడం వల్లే అలవాటు ముదిరిందనీ, ఎవరూ పలక్కపోతే అదే పోతుందనీ అతని పద్ధతి. ఆయాలందరూ నేర్చుకున్నారు. తండ్రి ఒక్కడే కొరకరాని కొయ్య. కొడుకు గోడవైపు అడుగేస్తే చాలు, వెళ్ళి వాటేసుకునేవాడు. ఇవాళ ఆయన గట్టిగా ఉంటేనే చిన్నోడు ఈ గదిలో ఉంటాడు.

బయట కళ్ళు కనబడినా వాడికి బహుమతేనని తలుపు అద్దానికి కాగితం కూడా అంటించారు.

కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత తలుపు దబ్బుమని అదిరింది. తల్లి లేచి నిలబడింది.

“కూర్చోండమ్మా.”

“తలుపుకేసి బాదుకుంటున్నాడు సార్! అది చెక్క!”

“టోపీ ఉందిగా. తెలివైనవాడు, స్పాంజి చప్పుడు చెయ్యదని తలుపు పట్టుకున్నాడు.”

దబదబా దెబ్బలు పెరిగాయి. వాటితోపాటు గొంతు చించుకున్న అరుపు.

“వాడెప్పుడూ ఇలా అరవలేదు సార్.”

“నాకు కావలసింది అదే. మానే ముందు ఒకసారి బాగా పెరుగుతుంది. అందరూ ఓడిపోయేది ఇక్కడే. ఇప్పుడు తలుపు తీశారా, ఇంత గట్టిగా కొడితేనే వస్తారని నేర్చుకుంటాడు. వెనక వార్డు గుర్తుంది కదా?”

గుర్తుంది. ఆమె కూర్చుని, గుప్పిలి నోట్లో కుక్కుకుంది.

“మీ ఆయన్ని చూసి నేర్చుకోండి. లోపలి నుంచి ఒక్క మాటైనా వినబడిందా?”

ఆమె చెవి ఒగ్గి విన్నది. నిజమే. ఆ మనిషి ఇంత గట్టివాడని ఇన్నేళ్ళ కాపురంలో ఎప్పుడూ అనుకోలేదు. మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

దెబ్బలు నెమ్మదించాయి. అరుపు మూలుగైంది. ఆ తర్వాత అదీ ఆగిపోయింది.

ఆమె తలుపు దగ్గరికి పరిగెత్తబోయింది.

“ఆగండాగండి! ఈ నిశ్శబ్దం కాస్త నిలవనివ్వాలి. లేకపోతే పడ్డ కష్టమంతా బూడిదలో పోసినట్టే,” అని ట్రైనర్ కాఫీ తెప్పించాడు. ఇద్దరూ తాగారు. ఆమెకి చాలా రోజుల తర్వాత కాఫీ రుచి తెలిసింది.

అప్పుడు తలుపు తీశారు. చిన్నోడు నేల మీద చతికిలబడి ఉన్నాడు. టోపీ కింద నుదురు చెక్కు చెదరలేదు. అరచేతులు మాత్రం కమిలి వాచిపోయాయి.

“తలతో కాదమ్మా, చేతులతో కొట్టాడు!” ట్రైనర్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. “ఒక్కసారి కూడా తల బాదుకోలేదు! మేనేజర్‌కి ఇప్పుడే చెప్తాను.”

తల్లి కళ్ళనిండా నీళ్ళతో కొడుకు చెంప నిమిరింది. వాడి ఒళ్ళో తల పెట్టుకుని తండ్రి పడుకుని ఉన్నాడు.

“బాగుంది వరస! ముట్టుకోవద్దంటే ఏకంగా ఒళ్ళోనే పడుకున్నారా? లేవండి, మనం గెలిచాం,” అని నవ్వుతూ భుజం పట్టి కుదిపింది.

ఆయన ఊపిరి ఆగి చాలాసేపయింది.