‘చిట్టికూనా’ అన్న పిలుపు

ఆ రోజుల్లో కాలం చేసిన గొప్పవాళ్ల ఇళ్లను మ్యూజియంలు చేస్తే, వాటన్నిటిలోనూ పాత వీడియోల నుంచి కంప్యూటరు తయారుచేసిన వాళ్ల మాట్లాడే రూపాలే సందర్శకులకు ఎదురొచ్చేవి. బొమ్మల సినిమాలకు ఆద్యుడైన భద్రాచారి గారి బందరు ఇంట్లోనూ ఒకటి పెట్టారు. కూతురు హైమవతి చూడబోయింది. గుమ్మంలో తండ్రి రూపం వచ్చినవాళ్లందర్నీ “రా, చిట్టికూనా!” అంటోంది. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

“ఆ పిలుపు నాదయ్యా! భద్రంగా దాచమని మా ఇంటి వీడియోలిస్తే ఊరందరికీ పంచిపెడతారా?” అని మేనేజరు మీద విరుచుకుపడింది.

“జనానికి నచ్చిందమ్మా.”

“మా నాన్న పరాయివాళ్లని ‘అండీ’ అనేవారు. ఆ మాట తీసేదాకా కదలను!”

ఆమె గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. బయట జనం గొణగసాగారు. మేనేజరు చేసేది లేక ఆ పిలుపు తీసేయించాడు.

హైమవతి లేచి గడప దాటింది. తండ్రి రూపం చేతులు జోడించింది.

“రండి, మీరెవరండీ?”

“ఎవరైతే మీకెందుకు!” అని కసిరి, కళ్లొత్తుకుంటూ లోపలికి నడిచింది.